పొట్లం కట్టినవాడి పూచీ

(డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారకోపన్యాసం – పూర్తి పాఠం)



రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. 1969 నుంచి పదేళ్ళపాటు ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, ఆ తర్వాత 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి అధిపతిగా ఉన్నారు. లండన్ రాయల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది. 2001 మే 28న కన్నుమూశారు. ఆయన చేసిన పనుల్లో తెలుగువాళ్ళందరూ తెలుసుకోవలసినది ఉప్పు కథ. ఈ ఉపన్యాసానికి అదే ఆధారం. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

నేను ఎంచుకున్న విషయం మన తిండి అలవాట్లు చెడడంలో ఆహార పరిశ్రమ బాధ్యత. షుగరు వచ్చిందని ఎవరైనా మన దగ్గరికి వస్తే మనం మొదట చెప్పే మాట ‘నోరు కట్టుకో’ అని. బీపీ వచ్చినవాడికీ అదే మాట, పిల్లవాడు లావెక్కాడని తీసుకొచ్చిన తల్లికీ అదే మాట. రోగిని నోరు కట్టుకోమంటున్నాం సరే, పొట్లం కట్టేవాడికి ఏం చెబుతున్నాం? ఇన్నేళ్ళుగా వైద్యులమూ, అధికారులమూ, పత్రికలవాళ్ళమూ ఆ రెండో మాట చెప్పకుండా గడిపేశాం. ఆ మాట చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మన తీరం ఏం తయారుచేస్తోంది

ఈ మాటలు చెప్పడానికి నెల్లూరు తీరం కంటే తగిన చోటు లేదు. కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. ఆ రేవు పక్కనే ముత్తుకూరు మండలం పంటపాళెం పరిసరాల్లో వరసగా నూనె శుద్ధి కర్మాగారాలు లేచాయి. ఇండోనేషియా, మలేషియాల నుంచి పామాయిలు, నల్ల సముద్రపు దేశాల నుంచి పొద్దుతిరుగుడు నూనె ఓడల్లో వచ్చి ఇక్కడ దిగుతాయి. ఇక్కడే శుద్ధి అయి, ప్యాకెట్లకూ డబ్బాలకూ ఎక్కి, దక్షిణ భారతమంతా వెళ్తాయి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే. అందులో పెద్ద వాటా పామాయిలుది.

ఇక దక్షిణానికి పోతే, పులికాట్ సరస్సుకు పడమరగా, తడకు కూతవేటు దూరంలో శ్రీసిటీ ఉంది. 2015లో పెప్సికో అక్కడ తన భారీ శీతల పానీయాల కర్మాగారాన్ని తెరిచింది. 2016 ఏప్రిల్‌లో క్యాడ్‌బరీ చాక్లెట్ల మాండెలీజ్ సంస్థ, ఆసియా పసిఫిక్ ప్రాంతంలో తన కర్మాగారాలన్నిటిలోకీ పెద్దదని చెప్పుకున్న దాన్ని అక్కడే ప్రారంభించింది. మొక్కజొన్న అటుకుల కెల్లాగ్స్ కూడా అక్కడే ఉంది. సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు పల్లెల ఆడపిల్లలు ఎందరో కంపెనీ బస్సులెక్కి ఆ ప్రాంతానికి పనికి పోతున్నారు. ఆ జీతంతో తమ్ముళ్ళను చదివిస్తున్నారు, ఇళ్ళు కట్టుకుంటున్నారు. ఆ ఉద్యోగాల విలువ నాకు తెలుసు. వాటిని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా ఈ ఉపన్యాసంలో ఉండదు.

కానీ కృష్ణపట్నం నుంచి తడ దాకా ఉన్న ఈ తీరాన్ని ఒక్కసారి కలిపి చూడండి. నూనె, చక్కెర, పిండి, రుచి, రంగు, రంగు కాగితం కలిసి దేశపు కొత్త తిండిగా మారే చోట్లలో ఇది ఒకటి. అందుకే ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది, అడగవలసిన బాధ్యత కూడా ఉంది.

ఆ తిండి ఫలితం మన ఇళ్ళలోనే కనిపిస్తోంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం మందికి అధిక బరువో, స్థూలకాయమో ఉంది. అదే సర్వేలో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఒకే రాష్ట్రంలో, చాలాచోట్ల ఒకే ఇంట్లో, ఒంట్లో కొవ్వు పెరుగుతోంది, రక్తం తగ్గుతోంది. కడుపు నింపి, ఒంటికి ఏమీ ఇవ్వని తిండి తింటే జరిగేది ఇదే.

దేశవ్యాప్తంగా జరిగి 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం, మధుమేహం ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారని లెక్క తేల్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, దేశంలోని వ్యాధిభారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని చెప్పాయి. మన జబ్బుల భారంలో సగానికి పైగా వంటింట్లోనూ దుకాణంలోనూ మొదలవుతోందన్నమాట.

బియ్యం మర నేర్పిన పాఠం

తిండిని తయారుచేసే పద్ధతి మారితే జనం జబ్బుపడటం మనకు కొత్త కాదు. నూరేళ్ళ కిందట మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన తెలుగు కోస్తాలో, బెరిబెరి పీడించేది. కాళ్ళు మొద్దుబారడం, వాపులు రావడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. తల్లికి బి1 విటమిన్ లోపిస్తే ఆమె పాలు తాగే పసిబిడ్డ ఉన్నట్టుండి ప్రాణం విడిచేది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం బెరిబెరి విచారణ కోసమే పుట్టింది. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. రామలింగస్వామి గారు యువకుడిగా పనిచేసింది ఆ కూనూరు ప్రయోగశాలలోనే.

కారణం తేలింది. దంపుడు బియ్యం తిన్నంతకాలం తవుడులోని బి1 విటమిన్ కొంతైనా కడుపులోకి పోయేది. మరలు వచ్చి పచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టడంతో ఆ పొర తవుడుగా వెళ్ళిపోయింది. పక్కనే ఉన్న తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లను ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కనుక వాళ్ళకు ఆ జబ్బు అంతగా రాలేదు.

ఇందులో మర యజమానికి దురుద్దేశం లేదు. తెల్లటి బియ్యం నిలవ ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, ధర పలుకుతుంది. కొన్నవాడూ ఇష్టపడే కొన్నాడు. అయినా బిడ్డలు చనిపోయారు. ఉద్దేశం మంచిదైనా చెడ్డదైనా, తిండి స్వభావాన్ని మార్చినవాడు ఆ మార్పు ఫలితానికి జవాబుదారీ అని బెరిబెరి చెబుతోంది. పరిశ్రమ బాధ్యత గురించి మాట్లాడితే ‘మమ్మల్ని నేరస్తుల్ని చేస్తున్నారు’ అని కొందరు నొచ్చుకుంటారు. ఎవరినీ నేరస్తులను చేయనక్కరలేదు. ఏం తీశారో, ఏం కలిపారో, దానివల్ల ఏం జరుగుతోందో ఒప్పుకుని సరిదిద్దితే చాలు.

ఉప్పు కథ

ఇప్పుడు రామలింగస్వామి గారి ఉప్పు దగ్గరికి వద్దాం. హిమాలయ పాదాల దగ్గర, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్‌డా లోయలో ఊళ్ళకు ఊళ్ళు గొంతువాపుతో, గాయిటర్‌తో బాధపడేవి. ఆ మట్టిలో, ఆ నీటిలో తగినంత అయొడిన్ లేదు. 1956లో రామలింగస్వామి గారు, ఆయన సహచరులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్ళకే అయొడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో గొంతువాపు బాగా తగ్గింది. ఆ ఫలితం ఆధారంగా 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఆ ప్రయోగంలో వైద్యశాస్త్రం ఎంత గొప్పదో, ప్రజాపాలన పాఠం అంతకంటే గొప్పది. కాంగ్‌డా తల్లులను పిలిచి ‘మీరు సరైన ఉప్పు ఎంచుకోవడం లేదు’ అని ఎవరూ తప్పుపట్టలేదు. ఇంటింటికీ అయొడిన్ చుక్కలు కొనుక్కోమని ప్రచారం చేయలేదు. ఉప్పు తయారయ్యే చోట, బస్తాలోకి ఎక్కే చోట మార్పు తెచ్చారు. తయారీ దగ్గర పది లక్షల భాగాలకు 30 భాగాలు, వాడేవారి చేతికి వచ్చేసరికి 15 భాగాలు తగ్గకుండా అయొడిన్ ఉండాలని నియమం పెట్టారు. ఆ పూచీ తయారీదారుదైంది. తినేవాడు తన అలవాటు ఏమీ మార్చుకోకుండానే ఆరోగ్యం పొందాడు.

దీనికీ అడ్డంకులు వచ్చాయి. అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిషేధం 1998లో దేశమంతటికీ వచ్చింది. 2000లో కేంద్రం దాన్ని ఎత్తేసింది. ఇలాంటి విషయాలు ప్రజల ఇష్టానికి వదిలేయాలన్నది అప్పుడు చెప్పిన వాదన. శాస్త్రవేత్తలు, వైద్యులు గట్టిగా పోరాడితే 2006 మే 17 నుంచి నిషేధం మళ్ళీ అమల్లోకి వచ్చింది.

అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పుమళ్ళ మీద బతికే కుటుంబాలు మన కళ్ళముందే ఉన్నాయి. పెద్ద కంపెనీలు అయొడిన్ కలిపే యంత్రాలు పెట్టుకోగలిగాయి కానీ చిన్న కొటారు రైతుకు ఆ నియమం బరువైంది. దీన్నుంచీ మనం నేర్చుకోవాలి. నియమం పెట్టేటప్పుడు చిన్నవాళ్ళకు సాయం చేయాలి, గడువు ఇవ్వాలి. చిన్నవాళ్ళ ఇబ్బంది చూపించి పెద్దవాళ్ళు నియమం నుంచి తప్పించుకోవడం మాత్రం ఒప్పుకోకూడదు.

ఇష్టం ఎవరిది?

‘మేము ఎవరి నోట్లోనూ కుక్కడం లేదు, ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటున్నారు’ అని పరిశ్రమ అంటుంది. ఈ మాటను నిజాయితీగా పరీక్షిద్దాం.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి ఒక ప్రయోగం చేసింది. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. ముందు పెట్టిన రెండు రకాల భోజనాల్లోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు, కేలరీలు సరిసమానం. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో వాళ్ళు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. అదే మనుషులు, అదే మనోబలం. మారింది తిండి ఒక్కటే. నమలకుండా కరిగిపోయేలా, కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ఇంకో పిడికెడు నోట్లో పడేలా తయారైన పదార్థం ముందు కూర్చోబెట్టి, మనిషిని నోరు కట్టుకోమనడం న్యాయం కాదు.

తీర మండలాల్లో వైద్యాధికారిగా పనిచేసిన కాలంలో నేను చూసినది ఒకటి చెబుతాను. మత్స్యకార పాళేల్లో తెల్లవారకముందే తల్లి చేపల వేలానికి గంప తీసుకుని పోవాలి. పొయ్యి వెలిగించే సమయం ఉండదు. కూరగాయల బండి వారానికి ఒకసారి వచ్చే ఊళ్ళున్నాయి. అయిదు రూపాయల కుర్‌కురే, చిప్స్, బిస్కెట్ పొట్లాలు మాత్రం ప్రతి చిల్లర కొట్టు ముందూ తోరణాల్లా వేలాడుతూ ఉంటాయి. పిల్లవాడి చేతిలో అయిదు రూపాయలు పెట్టి పోయిన ఆ తల్లికి ఏ ఇష్టం ఉంది? ఆ పొట్లం బరువు, ధర, దానిలో ఉప్పు, దానిలో నూనె, అది వేలాడే ఎత్తు, దాని మీది సినిమా నటుడి బొమ్మ, అన్నీ ఎక్కడో దూరాన ఉన్న ఒక కార్యాలయంలో నిర్ణయమయ్యాయి. నిర్ణయాలన్నీ ఎవరివో బాధ్యత కూడా వాళ్ళదే.

ఆ పొట్లంలోని నూనె మనల్ని మళ్ళీ మన రేవు దగ్గరికే తీసుకొస్తుంది. పామాయిలు చవక, గది వేడిలో గట్టిగా నిలుస్తుంది, వేయించినప్పుడు త్వరగా చెడదు. అందుకే బిస్కెట్లలో, చిప్స్‌లో, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో, ఐస్‌క్రీమ్ లాగా కనిపించే ఫ్రోజెన్ డెజర్టుల్లో అదే ఎక్కువ. అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. అది విషం కాదు. పేదల వంటింటికి అందుబాటులో ఉన్న నూనె కూడా అదే. చిక్కు మోతాదుతో వచ్చింది. మనిషికి ఏడాదికి 12 కిలోల నూనె చాలని ఐసీఎంఆర్ సలహా. 2024లో నీతి ఆయోగ్ నివేదిక మన సగటు వాడకం 19.7 కిలోలకు చేరిందని చెప్పింది. ఇందులో ఇల్లాలు మూకుట్లో పోసే నూనె ఆమె కంటికి కనిపిస్తుంది. పొట్లంలో దాగి వచ్చేది ఎవరి కంటికీ కనిపించదు.

పేరుతో చేసే మోసం ఇంకా ప్రమాదకరం. విరేచనాలైన బిడ్డకు ఇచ్చే ఓఆర్‌ఎస్ ప్రాణదాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, దానితో పొటాషియం, సిట్రేటు లవణాలు ఉండాలి. కొన్ని కంపెనీలు దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పండ్ల రుచి పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న అక్షరాలు వేసి మందుల దుకాణాల్లోనే అమ్మాయి. అంత చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదంది. జూలైలో, ఒక వివరణ వాక్యం వేసుకుంటే వాడుకోవచ్చని సడలించింది. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపును రద్దుచేసింది. రోహిణి ఎండలో రొయ్యల చెరువు గట్ల మీద పనిచేసేవాళ్ళు, వాంతులైన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లులు ఇన్నేళ్ళు ఆ డబ్బాలు కొన్నారు. వాళ్ళు కొన్నది మందు అనుకుని. దీన్ని ఇష్టం అని ఎలా అంటాం?

రొయ్యకున్న కాపలా

బాధ్యత తీసుకోవడం పరిశ్రమకు చేతకాదని ఎవరైనా అంటే, వాళ్ళను మన రొయ్యల చెరువుల దగ్గరికి తీసుకురావాలి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఈ తీరం రూపమే మారిపోయింది. మన రొయ్య అమెరికా, ఐరోపా, జపాన్, చైనా బల్లల మీదికి పోతోంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్ ఆనవాళ్ళు కనిపిస్తే కంటైనరు వెనక్కి వస్తుంది. 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. దాంతో చెరువు నమోదు, పట్టుబడికి ముందు పరీక్ష, ప్రయోగశాల పత్రం, ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలో ఉందో చెప్పే లెక్క, అన్నీ మనవాళ్ళు నేర్చుకున్నారు. అంతగా చదువుకోని రైతు కూడా ఏ మందు వాడకూడదో పేరుపెట్టి చెబుతాడు.

కొనేవాడు గట్టిగా అడిగితే, తీసుకోనని చెప్పగలిగితే, తయారుచేసేవాడు మారతాడు. దూరదేశపు బిడ్డ తినే రొయ్య మీద ఇంత కాపలా పెట్టగలిగిన మనం, మైపాడు బడిపిల్లవాడు తినే పొట్లం మీద ఎందుకు పెట్టలేకపోతున్నాం?

మారడం సాధ్యమని మన దేశంలోనే ఇంకో రుజువు ఉంది. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేసే కీడు తేలిన తర్వాత, దాన్ని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదని నియమం వచ్చింది. వనస్పతి పరిశ్రమ మూతపడలేదు. బేకరీలు నడుస్తూనే ఉన్నాయి. పద్ధతి మార్చుకున్నారు, అంతే. నియమం స్పష్టంగా ఉంటే, గడువు కచ్చితంగా ఉంటే, అందరికీ ఒకటే అయితే, పరిశ్రమ సర్దుకుంటుంది.

దూబగుంట ఆడవాళ్ళు అడిగినది

మన జిల్లా దేశానికి నేర్పిన పాఠం ఒకటి గుర్తుచేయకుండా ఈ విషయం ముగించలేను. 1992 వరకూ సారా గురించి అందరూ అన్న మాట ఒక్కటే: తాగేవాడి తప్పు, తాగేవాడి బలహీనత. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు వేరే ప్రశ్న వేశారు. మా ఊరికి మంచినీళ్ళు సరిగా రావు, సారా మాత్రం వేళకు ఎలా వస్తోంది? దాన్ని పంపేది ఎవరు, వేలం పాడేది ఎవరు, దాని ఆదాయం లెక్కపెట్టుకునేది ఎవరు? వర్ధినేని రోశమ్మ వంటి మహిళలు ముందు నిలిచి, మొగుళ్ళకు బుద్ధి చెప్పడంతో ఆగకుండా సారా బండినే ఊరిపొలిమేర దాటనివ్వలేదు. ఆ ఉద్యమం జిల్లా అంతా, ఆపై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

బిస్కెట్టు సారా కాదు. దాన్ని నిషేధించమని నేను అడగడం లేదు. ఆ ఆడవాళ్ళు నిందను ఉండవలసిన చోటికి జరిపారు. బలహీనుణ్ణి దండించడం మాని సరఫరాదారును నిలదీశారు. ఈ రోజు మనకు కావలసిన వివేకం అదే.

ఏం చేయాలి

మొదటిది, పొట్లం ముందు వైపున హెచ్చరిక. 2016లో చిలీ దేశం చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, కేలరీలు ఎక్కువగా ఉన్న ప్రతి పొట్లం మీద నల్లటి అష్టకోణ ముద్ర వేయించింది. అలాంటివి బడుల్లో అమ్మకుండా, పిల్లలకు ప్రకటనలు చేయకుండా ఆపింది. ఆ ముద్ర పడిన తియ్యటి పానీయాల కొనుగోలు దాదాపు నాలుగో వంతు తగ్గింది. మన దగ్గర 2022 సెప్టెంబరులో వచ్చిన ముసాయిదా హెచ్చరికకు బదులు నక్షత్రాల రేటింగు ప్రతిపాదించింది. నక్షత్రం మెప్పుకు గుర్తు. రెండు నక్షత్రాల చిప్స్ కూడా మంచివేనని తల్లి అనుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందు వైపు లేబుల్ విషయం త్వరగా తేల్చమని కేంద్రాన్ని ఆదేశించింది. మనకు కావలసింది నక్షత్రం కాదు, చదువు రానివాళ్ళకూ అర్థమయ్యే గుర్తు, దాని పక్కన తెలుగులో ‘ఉప్పు ఎక్కువ’, ‘చక్కెర ఎక్కువ’, ‘కొవ్వు ఎక్కువ’ అన్న మాట. సిగరెట్టు పెట్టె మీద బొమ్మ వేయించగలిగిన దేశానికి ఇది కష్టం కాదు.

రెండోది, బడి. 2020 నాటి నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. ఆ నిబంధన ఎంతమంది ప్రధానోపాధ్యాయులకు తెలుసు? కొత్త చట్టం అక్కరలేదు. ఉన్నదాన్ని పంచాయతీ, బడి తల్లిదండ్రుల కమిటీ, ఆహార తనిఖీ అధికారి కలిసి అమలు చేస్తే చాలు.

మూడోది, పేర్లు, ప్రకటనలు. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నాటి చట్టం, 2003లో దానికి చేసిన సవరణ చెబుతున్నాయి. తల్లిపాలకు పోటీగా డబ్బాపాలను ప్రచారం చేయడం తప్పని ఒప్పుకున్న దేశం, మూడేళ్ళ బిడ్డకు చక్కెర పొడిని బలవర్ధకమని చెప్పి అమ్మడాన్ని ఎందుకు సహించాలి? బోర్న్‌వీటా వంటివాటిని ‘ఆరోగ్య పానీయాలు’ అన్న విభాగంలో అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ సంస్థలకు చెప్పింది. అది మొదటి మెట్టు. పిల్లలు చూసే వేళల్లో, పిల్లల బొమ్మలతో, ఆటగాళ్ళ ముఖాలతో వచ్చే ఇలాంటి ప్రకటనలు ఆగాలి.

నాలుగోది, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి చక్కెర కలిపిన గ్యాసు పానీయాల మీద జీఎస్టీ 40 శాతమైంది. అది సరైన దారి. అదే రోజు చాక్లెట్లు, బిస్కెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, పొట్లం కారాల మీద 5 శాతానికి దిగింది. పన్ను వేసేటప్పుడు సరుకు పేరు చూడకుండా దానిలోని ఉప్పు, చక్కెర, కొవ్వు చూడాలి. తక్కువ కలిపినవాడికి తక్కువ పన్ను, ఎక్కువ కలిపినవాడికి ఎక్కువ పన్ను అయితే కంపెనీలే పోటీపడి తగ్గిస్తాయి.

అయిదోది, ప్రభుత్వం కొనే తిండి. మన బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు గుడ్డు, పల్లీ చిక్కీ ఇస్తున్నారు. 2023లో రాగిజావ కూడా చేరింది. అంగన్‌వాడీ, హాస్టలు, ఆసుపత్రి, బస్టాండు క్యాంటీన్లలో కూడా రాగులు, సజ్జలు, పల్లీలు, ఇక్కడి చిన్న చేపలు కనిపించాలి. నెత్తళ్ళ కూరలో ఉన్న కాల్షియం, మాంసకృత్తులు ఏ రంగు పొట్లంలోనూ లేవు. ఈ తీరం పిల్లలకు అవి మొదట అందాలి.

చివరిగా నా వృత్తి వాళ్ళకు ఒక మాట. వైద్య సదస్సుల భోజనాలకు, సంచులకు, ప్రయాణాలకు ఆహార కంపెనీల డబ్బు తీసుకోవద్దు. వాళ్ళ డబ్బుతో భోంచేసిన వేదిక మీద వాళ్ళను ప్రశ్నించే గొంతు లేవదు.

మిత్రులారా, తమ తిండి గురించి ప్రతి కుటుంబమూ ఆలోచించాలి. నూనె తగ్గించాలి, ఇంట్లో వండుకోవాలి, పిల్లలతో కలిసి కూర్చుని తినాలి. అందులో నాకు సందేహం లేదు. అయితే ఇంటివాళ్ళు చేయగలిగింది ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. గడప బయట ఉన్నదాన్ని మార్చే శక్తి చట్టానికి ఉంది, కంపెనీకి ఉంది, ఆ రెండింటినీ అడిగే మనకు ఉంది. మైపాడులోనో, కోడూరులోనో, తడలోనో మీ బడి గేటు ముందు 50 మీటర్లు కొలవండి. అక్కడ వేలాడే పొట్లాల పేర్లు రాసుకుని గ్రామసభలో చదవండి. మీ శాసనసభ్యుణ్ణి, పార్లమెంటు సభ్యుణ్ణి ముందు వైపు హెచ్చరిక గురించి అడగండి. కర్మాగారాల్లో పనిచేసే మీ పిల్లల ద్వారా ఆ యాజమాన్యాలనూ అడగండి.

పొట్లంలో ఏం వేయాలో, దానికి ఏ పేరు పెట్టాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించినవాడే దాని ఫలితానికీ పూచీపడాలి. ఉప్పు విషయంలో రామలింగస్వామి గారి తరం ఈ న్యాయాన్ని సాధించింది. మిగిలిన తిండి విషయంలో దాన్ని సాధించవలసింది మనం.